మెదడు మలేరియా తర్వాత మళ్ళీ కత్తెర

మాది గునుపూరు. ఒడిశా రాయగడ జిల్లాలో వంశధార ఒడ్డున ఉంటుంది. మా బజారులో తెలుగు, ఒడియా, సవర మూడూ వినిపిస్తాయి. అక్కడే బట్టలు కుడతాను.

2016 వానల్లో జ్వరం పట్టుకుంది. చలి, వణుకు, వాంతులు. ఆశా కార్యకర్త వేలు గుచ్చి, కిట్టుతో చూసి ఫాల్సిపేరమ్, అంటే ప్రాణం మీదికి తెచ్చే రకం మలేరియా అంది. మా కొండల వైపు ఆ పేరు తెలియని ఇల్లు లేదు. మాత్రలు పనిచేసేలోపే నా మాట తడబడిందట, మనుషుల్ని గుర్తుపట్టడం మానేశానట. అక్కడి నుంచి విశాఖ ఆసుపత్రి దాకా జరిగిందంతా మా ఆవిడ చెబితే విన్నదే.

మలేరియా ఇలా మెదడుకెక్కినప్పుడు పరాన్నజీవి చేరిన ఎర్ర రక్తకణాలు మెదడులోని సన్నని నాళాల గోడలకు అంటుకుపోతాయి. రక్తం సాగక స్పృహ పోతుంది. నన్ను బతికించినవి నరంలోకి ఎక్కించిన ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు. ఆ మందుకు మూలమైన ఆర్టెమిసినిన్‌ను వెలికితీసిన చైనా శాస్త్రవేత్త టూ యూయూకు అంతకుముందు ఏడాదే నోబెల్ వచ్చింది. పొద్దున్నే దీపం పెట్టేటప్పుడు ఆవిణ్ణి కూడా తలుచుకుంటాను.

ఇంటికొచ్చాక కొద్దికొద్దిగా నడక వచ్చింది. చూడవచ్చినవాళ్ళు "లేచి తిరుగుతున్నాడు, ఇంకేటి" అని సంతోషించి వెళ్ళేవారు. నాకు మాత్రం అన్నీ రెండుగా కనబడేవి. టేపు మీద అంకెలు ఒకదాని మీదొకటి ఎక్కేవి. సుద్దతో గీసిన గీతకు పక్కనే ఇంకో గీత. వేరేవాళ్ళు డబ్బు పెట్టి కొనుక్కున్న గుడ్డ మీద ఏ గీత వెంట కత్తెర వెయ్యను? కాళ్ళు వచ్చాయని నలుగురూ అంటుంటే, చెయ్యి పోయినట్టు కూర్చునేవాణ్ణి.

మా అక్క కొడుకు మీరట్‌లో సైన్యం గుర్రాల దగ్గర పనిచేస్తాడు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఈవెంటింగ్ అనే గుర్రపు స్వారీ పోటీలో బంగారు పతకం గెలిచిన రఘువీర్ సింగ్ గురించి చెప్పడం మొదలుపెడితే వాడు ఆపడు. ఆ ఆగస్టులో, రియో ఒలింపిక్స్ జరుగుతుండగా ఫోన్ చేశాడు. "మావయ్యా, విలియం ఫాక్స్ పిట్ అని ఇంగ్లండాయన, నలభై ఏడేళ్ళు. నువ్వు తప్పక వినాల" అన్నాడు.

2015 మేలో చిల్లీ మార్నింగ్ అనే స్టాలియన్ మీద, అంటే విత్తు కొట్టని మగ గుర్రం మీద, ఆయన ఇంగ్లండ్‌లో బ్యాడ్మింటన్ అనే ఊళ్ళో జరిగే ఈవెంటింగ్ పోటీ గెలిచాడు. స్టాలియన్ అక్కడ గెలవడం అదే మొదటిసారి. అదే అక్టోబరులో ఫ్రాన్స్‌లో వేరే గుర్రం మీంచి పడి, తలకు దెబ్బ తగిలి కోమాలోకి వెళ్ళాడు. లేచాక చూపు దెబ్బతింది. ఈవెంటింగ్‌లో ఒకే గుర్రంతో మూడు పరీక్షలు. మొదటిది డ్రెస్సాజ్. రౌతు కదిలినట్టే కనబడకుండా గుర్రాన్ని నడిపించాలి. రెండోది క్రాస్ కంట్రీ. కదలని దుంగలు, కందకాలు, నీటి మడుగులు దాటాలి. గుర్రం ఏ అడుగులో లేవాలో రౌతు కన్ను దూరం నుంచే కొలవాలి. మూడోది అడ్డుకర్రల మీంచి దూకడం. అందులో పడిన ప్రతి కర్రకూ నాలుగు పెనాల్టీ పాయింట్లు. పడిన ఏడాది తిరక్కముందే ఆయన రియోలో డ్రెస్సాజ్ అయ్యేసరికి అందరికన్నా ముందున్నాడు. క్రాస్ కంట్రీలో ఒకచోట గుర్రం దాటనంది, ఇరవై పాయింట్లు పోయాయి. అయినా మూడూ పూర్తిచేసి పన్నెండో స్థానంలో నిలిచాడు.

మా మేనల్లుడు ఆయనకు పతకం రాలేదని బాధపడ్డాడు. నాకు ఆ బాధ అంటలేదు. ఆయనకు ముందు తిరిగొచ్చింది నిదానంగా చేసే పని, కన్నుతో కొలిచే పని తర్వాత. ఇది నాకు ఏ డాక్టరూ చెప్పలేదు.

మర్నాడు పాత దుప్పటి తీసి, ఒక కన్ను మూసుకుని, మిషను మీద తిన్నని కుట్లు వేశాను. తర్వాత గలీబులు, లంగాలు. కాజాలు చేత్తోనే, వేలితో తడుముకుంటూ. మా ఆవిడ పక్కన కూర్చుని కుట్టు పట్టి పట్టి చూసేది, వంకర ఉంటే మొహమాటపడకుండా చెప్పేది. కత్తెర పట్టింది చలికాలంలో, రెండు గీతలు మెల్లగా ఒకటయ్యాక. మొదట మా పిల్లాడి చొక్కా, తర్వాత అద్దె ఇంటాయన లాల్చీ.

ఇప్పుడు కోట్లు కూడా కోస్తున్నాను. అలసిన సాయంత్రాల్లో ఇంకా అంచులు చెదురుతాయి. అందుకే చీకటి పడ్డాక నల్ల గుడ్డ కొయ్యను. గుడ్డ తెచ్చినవాళ్ళకి ముందే చెబుతాను, మర్నాడు పొద్దున్న రమ్మంటాను.