జీపు చాసిస్‌కి రంగు వేయబోయి

మామయ్య వాళ్ల దొడ్లో చింతచెట్టు కింద ఏళ్ల తరబడి పడి ఉన్న మహీంద్రా ఎంఎం 540 జీపుని తెనాలి తెచ్చుకున్నాను. బాడీ దింపి, దాని కింద ఉండే ఇనుప చట్రం, అదే చాసిస్, శుభ్రం చేసి రంగు కొట్టడం రెండు ఆదివారాల పనిలే అనుకున్నా. ఐదు వారాలు పట్టింది. అందులో రంగుకి పట్టింది ఒక్క పూట.

పైకి చాసిస్ నల్లగా, గట్టిగానే ఉంది. ఆ నలుపే మోసం. ఎప్పుడో ఎవరో తుప్పు మీదే తారు పూసేశారు. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. స్టీరింగ్ బాక్స్ చుట్టూ గ్రీజు, మట్టి కలిసి అంగుళం మందాన గడ్డకట్టాయి. తొందరపడి ముందే గ్రైండర్‌కి వైర్ బ్రష్ తగిలించాను. ఆ వేడికి గ్రీజు కరిగి బాగున్న చోటికి కూడా పాకింది. ఆపేసి, పుట్టీ బ్లేడుతో గోకి, డీజిల్‌తో రుద్ది, సర్ఫ్ నీళ్లతో కడిగాను. జిడ్డు వదిలాక మళ్లీ గ్రైండర్ పట్టుకుంటే ఇంకో తమాషా: వైర్ బ్రష్ గుంటల్లోని తుప్పుని తీయదు, నున్నగా మెరుగు పెడుతుంది. మెరుస్తోంది కదా అని మురిసిపోయాను కూడా. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి. బ్రష్ తీగలు ఊడొచ్చి చొక్కాలోంచి గుచ్చుకునేవి.

సుత్తితో తట్టుకుంటూ పోతే అంతటా ఖంగుమంది, వెనక స్ప్రింగుని చాసిస్‌కి తగిలించే షాకిల్ దగ్గర మాత్రం దబ్‌మంది. ఇంకోసారి కొడితే సుత్తి ముక్కు లోపలికి దిగింది. నీళ్లు పోయే రంధ్రం మట్టితో పూడిపోయి, లోపల చెమ్మ నిలిచి తినేసింది. కుళ్లిన మేర కోయించి, 3 మిల్లీమీటర్ల ప్లేటు వెల్డింగ్ పెట్టించాను.

ఇక నా వల్ల కాదని విజయవాడ ఆటోనగర్‌లో బ్లాస్టింగ్‌కి (గాలి ఒత్తిడితో గరుకు రవ్వ కొట్టి తుప్పు రాల్చడానికి) ఇచ్చాను. ఇచ్చేముందు, మర చెడిపోకుండా, మర ఉన్న రంధ్రాలన్నిటికీ పాత బోల్టులు బిగించాను. చాసిస్ నంబరు దగ్గర మాత్రం గ్రైండర్ గానీ బ్లాస్టింగ్ గానీ వద్దనుకున్నాను. ఆర్‌సీ రెన్యువల్‌కి బండి చూపించాలి, అంకె చెరిగితే అంతే సంగతులు. అక్కడ పెయింట్ రిమూవర్ రాసి పావుగంట ఆగితే రంగు బొబ్బలెక్కింది. పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తోముతుంటే ఒక్కో అంకె పైకి తేలింది. 3 అనుకున్నది 8 అయింది. నంబరు మొత్తం మీద రబ్బరు ముక్క పెట్టి టేపు చుట్టేశాను.

బ్లాస్టింగ్ అయ్యాక అక్కడి పెద్దాయన, ‘‘బాబూ, దీన్ని రాత్రికి ఇలా ఉంచమాక. పొద్దున్నకి పసుపు పూసినట్టు అయిపోద్ది,’’ అన్నాడు. కృష్ణ ఒడ్డు గాలి మరి. ఉత్త చేత్తో ముట్టుకోనివ్వలేదు, వేళ్ల చెమట చాలట తుప్పు పట్టడానికి. థిన్నర్ గుడ్డతో తుడుస్తూ, గుడ్డకి మరక అంటడం ఆగేదాకా గుడ్డలు మార్చాం. చీకటి పడేలోపే ఎపాక్సీ ప్రైమర్, అంటే రంగు కింద వేసే తొలి పూత, పడింది. మూలలకి, వెల్డింగ్ అతుకులకి ముందు బ్రష్‌తో, తర్వాత స్ప్రే గన్‌తో.

మర్నాడు టేపు తీసి, నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాను. ఆర్‌సీ పక్కన పెట్టి ఒక్కో అంకె సరిచూశాను. 8 దగ్గర రెండుసార్లు చూశాను. ఎనిమిదే.