బైపాస్ తర్వాత ఇంట్లో

బైపాస్ అనగానే అందరూ గుండె ఎలా ఉందనే అడుగుతారు. నన్ను ఎక్కువ ఏడిపించింది కాలు. గుండెకు వెళ్లే, మూసుకుపోయిన రక్తనాళాలను దాటించి రక్తానికి కొత్త దారి వెయ్యడానికి కాల్లోంచి సిర తీస్తారని ముందే చెప్పారు. కానీ ఆ కోత ఇంతలా సలుపుతుందని, సాయంత్రానికి పాదం వాచిపోతుందని అనుకోలేదు. విశాఖ ఉక్కపోతలో తొడదాకా బిగుతు మేజోడు వేసుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఛాతీ మధ్య ఎముకను నిలువునా కోసి, పనయ్యాక స్టీలు తీగలతో బిగిస్తారు. అది అతకడానికి 6 నుంచి 8 వారాలు, పూర్తిగా గట్టిపడడానికి దాదాపు 3 నెలలు. అందాకా దగ్గొస్తే దిండు ఛాతీకి అదుముకుని దగ్గాలి. చేతులు ఊని లేవకూడదు, బరువులెత్తకూడదు. ఇవన్నీ కాగితం మీద రాసిచ్చారు.

ఆడవాళ్ల ఇబ్బందులు మాత్రం ఆ కాగితంలో లేవు. రొమ్ముల బరువుకు కుట్లు లాగుతాయి. గాలాడుతుందని నేను వదులు నైటీతోనే ఉండేదాన్ని. ముందు హుక్కులుండే మెత్తటి బ్రా రాత్రిపూట కూడా వేసుకోమని ఫిజియో అమ్మాయి చెప్పాకే ఆ లాగుడు తగ్గింది. ఇక మంగళసూత్రం సరిగ్గా కుట్ల మీదే రాసుకునేది. తీసేస్తానంటే అత్తయ్య ముఖం మాడ్చుకున్నారు. రెండ్రోజులు ఆలోచించి, పసుపుతాడు పొట్టిగా, కోతకు పైనే ఉండేలా ఆవిడే కట్టారు.

దిగులు సంగతీ ఎవరూ చెప్పలేదు. వీధిలో కూరగాయల బండివాడి కేక వినిపించినా కళ్లలో నీళ్లు తిరిగేవి. వంజరం పులుసు నోట్లో పెట్టుకుంటే ఇనుప రుచి. ప్రాణం దక్కింది కదా, ఇంకా ఏడుపేంటి అని ఇంట్లోవాళ్లకు టెన్షన్. చెకప్‌లో అడిగితే డాక్టరుగారు తేలిగ్గా, "ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి ఉంటుందమ్మా, కొన్ని వారాల్లో తగ్గకపోతే చెప్పండి, దానికీ వైద్యం ఉంది" అన్నారు. మాత్రల గురించి అంత వివరంగా చెప్పినవాళ్లు, డిశ్చార్జి రోజే ఈ ఒక్క ముక్కా చెప్పొచ్చుగా!

నడక మొదట హాల్లోనే. తర్వాత మా వీధి చివరిదాకా. కాస్త ధైర్యం వచ్చాక బీచ్ రోడ్డుకు వెళ్లాం. పొద్దున్నే అక్కడ వాహనాలు ఆపేస్తారు కాబట్టి హారన్ల గోల ఉండదు. కాళీమాత గుడి దగ్గర ఆటో దిగి సబ్‌మెరైన్ మ్యూజియం వైపు నడుస్తాం. ఆయాసపడకుండా మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోతుందన్నారు. మాటలకు నాకు కొదవ లేదు, ఎటొచ్చీ వినేది మా ఆయనే.

ఇప్పుడు వంట నేనే చేస్తున్నాను. ఉప్పు తగ్గింది, ఆవకాయ ఆదివారానికే. ఎడమవైపు ఛాతీ మీద ఒకచోట ఇంకా మొద్దుబారినట్టుంటుంది, కొందరికి అలా ఉండిపోతుందట. కుక్కర్ దించే పని మాత్రం ఆయనదే. 3 నెలలు దాటాయని నేనైతే గుర్తు చెయ్యలేదు.