నిర్ణీత వేళల నమాజు

నమాజు విశ్వాసులపై నిర్ణీత వేళల్లో విధి చేయబడిందని ఖుర్ఆన్‌లోని సూరా (అధ్యాయం) అన్నిసా 103వ ఆయతు (వాక్యం) చెబుతుంది. ఈ మాట ఏ సందర్భంలో వచ్చిందో గమనిస్తే దాని బరువు తెలుస్తుంది. దానికి ముందున్న ఆయతులో శత్రువుకు ఎదురుగా నిలిచిన సైన్యం ఉంది. ఒక జట్టు ఆయుధాలతోనే నమాజులో నిలబడాలనీ, రెండో జట్టు కాపలా కాయాలనీ, సజ్దా (నుదురు నేలకు ఆనించి మొక్కడం) ముగిశాక మొదటివారు వెనక్కి వెళ్లి రెండోవారికి చోటివ్వాలనీ అల్లాహ్ అక్కడ నేర్పించాడు. ప్రాణాపాయంలో సైతం నమాజు చేసే తీరు మారిందే తప్ప వేళ చేజారనివ్వలేదు. ఆ ఆయతు చదివిన ప్రతిసారీ, పని ఒత్తిడి అంటూ మనం చెప్పుకునే సాకులు ఎంత చిన్నవో అనిపిస్తుంది.

ఐదు వేళలూ సూర్యగమనాన్ని బట్టి ఏర్పడినవే. ఈ సంగతిని విశాఖపట్నంలో కళ్లారా చూడవచ్చు. నిలువుగా లేచి మాసిపోయే వెలుగును సుబహె కాజిబ్ అనీ, దిగంతం వెంబడి అడ్డంగా పరచుకునే వెలుగును సుబహె సాదిఖ్ అనీ అంటారు. ఫజర్ (వేకువ నమాజు) వేళ రెండోదానితోనే మొదలవుతుంది. నగర దీపాల మధ్య మొదటిది కనబడడం కష్టమే గానీ, మబ్బులేని రోజున రామకృష్ణా బీచ్‌లో నిలబడితే, సముద్రం అంచున ఆ అడ్డగీత మెల్లగా తెల్లబడడం తెలుస్తుంది.

మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదటి రోజుల్లోనూ సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు. ఆ మధ్యాహ్నం నిటారుగా పాతిన కర్రకు నీడే ఉండదు. పొద్దు వాలి నీడ తూర్పుకు మొలవగానే జుహర్ (మధ్యాహ్న నమాజు) వేళ వస్తుంది; నీడ కర్రంత పొడవైతే అసర్ (పొద్దు వాలాక చేసే నమాజు) అని ధర్మశాస్త్ర పండితుడు ఇమాం షాఫిఈ, రెండింతలైతే అని మరో పండితుడు ఇమాం అబూ హనీఫా చెప్పారు. మిగతా రోజుల్లో మిట్టమధ్యాహ్నపు నీడను మినహాయించి కొలవాలి. సూర్యాస్తమయంతో మొదలయ్యే మగ్రిబ్ నమాజుకు మాత్రం ఇక్కడ జాగ్రత్త అవసరం, ఎందుకంటే పడమటి కొండల చాటుకు పోయినంత మాత్రాన సూర్యుడు అస్తమించినట్టు కాదు.

హైదరాబాదు కంటే మనకు పొద్దు దాదాపు 19 నిమిషాలు ముందుగా పొడుస్తుంది. రంజాన్‌లో అక్కడి వేళల పట్టిక చూసి ఇక్కడ సహరీ (ఉపవాసానికి ముందు వేకువన తినే భోజనం) ముగిస్తే, అప్పటికే ఫజర్ ప్రవేశించి ఉంటుంది. కాబట్టి స్థానిక మస్జిద్ పట్టికనే చూసుకోవాలి.

అదే సూరా 101వ ఆయతు ప్రయాణికుడికి నమాజును కుదించుకునే అనుమతి ఇచ్చింది. అయితే మనవారిలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మార్గంలో (ఇమాం అబూ హనీఫా బోధించిన పద్ధతిలో), హజ్ సమయంలో మక్కా దగ్గరి అరఫాత్, ముజ్దలిఫాల దగ్గర తప్ప, రెండు నమాజులను ఒకే వేళలో కలపడం లేదు. మన ఓడరేవు నుంచి దూరదేశాలకు బయలుదేరే నావికుడికి అసర్‌లోని నాలుగు రకాత్‌లు (నమాజులోని ఆవృత్తులు) రెండవుతాయి గానీ, ఆ రెండూ అసర్ వేళలోనే చేయాలి.