బాలబంద తీగను కణుపు దగ్గర చూడాలి

సముద్రపు ఒడ్డున ఇసుకలో పాకే బాలబంద తీగ బొమ్మ వేయమంటే చాలామంది ఊదారంగు పువ్వొకటి, కొసన మేక గిట్టలా చీలిన ఆకొకటి వేసి పని అయిపోయిందనుకుంటారు. మొక్కల బొమ్మలు వేయడం నా వ్యాపకం కనుక వాళ్లతో నాకు పేచీ ఉంది. పొద్దున విచ్చుకున్న ఆ పువ్వు మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. దాన్ని పట్టుకుని మొక్క ఇదే అంటే ఎలా?

అసలు కథంతా కణుపు దగ్గర ఉంది. ఒక కణుపు చుట్టూ ఇసుకను వేలితో తొలగించి చూడండి. పైకి ఆకు లేస్తుంది, కిందికి వేళ్లు దిగుతాయి, తీగ ఆగకుండా ముందుకు సాగుతుంది. గాలి ఇసుకను తెచ్చి మీద పోస్తే చాలా మొక్కలు ఊపిరాడక చస్తాయి. ఇది మాత్రం పూడిన కణుపుల్లోంచి కొత్త వేళ్లు వేసి, చిగురును పైకి తోస్తుంది. ఆకులకు తగిలి గాలి జోరు తగ్గుతుంది, మోసుకొచ్చిన ఇసుక అక్కడే రాలుతుంది, దిబ్బ లేస్తుంది. తీగ మళ్లీ దాని మీదికెక్కుతుంది. దిబ్బ తీగను పూడుస్తోందా, తీగే దిబ్బను కట్టుకుంటోందా అని నాకెప్పుడూ తగవే.

భూతద్దం ఉంటే ఇంకో చోటు చూడాలి. తొడిమ ఆకును కలిసేచోట రెండు చిన్న గ్రంథులుంటాయి. వాటిలో తీపి ఊరుతుంది, చీమలు వచ్చి చేరతాయి. చీమ లేకుండా ఆ చోటు గీస్తే నాకు వెలితిగానే ఉంటుంది.

ఆకు మందం. ఎండ ముదిరితే ఈనె వెంట మడుచుకుంటుంది. ఉప్పునీటి తుంపరలకు చలించదు.

గింజ సంగతి మరీ ఘనం. గోధుమరంగు నూగుతో, గట్టి పెంకుతో ఉప్పునీటిలో నెలల తరబడి తేలినా చావదు. పెంకు గీసుకుపోతే తప్ప నీరు లోపలికి పోదు. ఉష్ణమండల తీరాలన్నిటా ఈ తీగ కనిపించడానికి ఆ గింజే కారణం. 1883లో బద్దలై బూడిదైన ఇండోనేషియా అగ్నిపర్వత దీవి క్రకటోవా ఒడ్డున తొలినాళ్లలో పాతుకున్న మొక్కల్లో ఇదీ ఉంది.

ఇంత పని చేసే తీగను తీరాన్ని శుభ్రం చేస్తున్నామంటూ పీకి కుప్పలు పోస్తారు. పీకిన చోట ఇసుక మళ్లీ గాలి పాలే. నడవడానికి దారి కావాలంటే, ఇంకా వేళ్లు దిగని లేత కొసలను ఎత్తి పక్కకు మళ్లించండి. వేళ్లు దిగిన కణుపుల జోలికి పోవద్దు.