ఎముకకేం కాలేదన్నారు

ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను, మెట్లెక్కుతున్నాను, బడికి పోయి పాఠాలు చెబుతున్నాను. కాబట్టి కోపాన్ని కూడా నిమ్మళంగా రాసుకోవచ్చు.

రేణిగుంట రోడ్డులో నా స్కూటీకి కుక్క అడ్డమొచ్చింది. బండి ఒరిగింది, నేను మడిచిన ఎడమ మోకాలి మీద పడ్డాను. దెబ్బ చిప్పకు తగల్లేదు, చిప్ప కిందుండే కాలి ఎముకకు ఎదురుగా తగిలింది. పైకి చూస్తే చర్మం దోక్కుపోయిందంతే. సాయంత్రానికి మోకాలు బాగా వాచింది. కాలు కింద పెడితే నిలవలేదు.

మొదట వెళ్లిన ఆసుపత్రి పేరు రాయను. ఎక్స్‌రే ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీశారు. డాక్టరు మొదటి ఫిల్మును లైటుకు పెట్టి చూశాడు. రెండోదాన్ని కవర్లోంచి బయటికే తీయలేదు. "ఎముకకేం కాలేదమ్మా, వాపే. క్రేప్ బ్యాండేజీ కట్టుకుని రెస్ట్ తీసుకో" అన్నాడు. "కాలు మోపితే మోకాలు వెనక్కి జారుతున్నట్టుంది సార్" అన్నాను. ఆయన నావైపు చూడకుండా మా ఆయనతో, "టీచరమ్మ కదా, నాలుగు రోజులు సెలవు కావాలేమో" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. తను నవ్వింది మర్యాదకేనని మా ఆయన తర్వాత చాలాసార్లు చెప్పాడు. నమ్మాను గానీ మరిచిపోలేదు.

ఇంట్లో సలహాలకు కొదవ లేదు. మా బావ పుత్తూరు కట్టు కట్టిద్దామని ఒకటే పట్టు. మా వైపు ఎముక విరిగితే ముందు గుర్తొచ్చేది అదే. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలతో కట్టే ఆ కట్టుతో చేతులు అతుక్కుని వచ్చినవాళ్లను నేనూ చూశాను, హేళన చేయను. కానీ మోకాలి లోపల వెనకపక్క లేచిన ముక్కను పైనుంచి ఏ కట్టు పట్టి ఉంచుతుంది? ముక్క లేచిందన్న సంగతే అప్పటికి ఎవరికీ తెలియదనుకోండి.

కాపాడింది మా బడి పీఈటీ సార్. చూడ్డానికి వచ్చి, "జారుతోంది" అన్న మాట విని కూర్చున్నవాడల్లా లేచాడు. కబడ్డీ పిల్లల మోకాళ్లు ఎన్నో చూసిన మనిషి. "మేడమ్, అది లిగమెంటు, ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ. ఆలస్యం చేయొద్దు, మోకాళ్లు చూసే డాక్టరు దగ్గరికే పోండి" అన్నాడు.

రెండో డాక్టరు మొదట నా రెండు మోకాళ్లూ మడిపించి పక్కనుంచి చూశాడు. కుడికాలిలో చిప్ప కింద ఎముక ముందుకుంది. ఎడమకాలిలో అదే చోట గుంట. తర్వాత పాత కవరు తీసి ఆ రెండో ఫిల్మును లైటుకు పెట్టాడు. కాలి ఎముక వెనక అంచున చిన్న ముక్క పైకి లేచి ఉంది. నాక్కూడా కనిపించింది. మొదటి రోజు తీసిన ఫిల్మే అది!

పీసీఎల్ అనే లిగమెంటు కాలి ఎముకను వెనక్కి పోకుండా పట్టి ఉంచుతుందట. నా లిగమెంటు తెగలేదు. గడ్డిమొక్కను లాగితే వేళ్లతో మట్టిగడ్డ లేచినట్టు, తను అంటుకున్న ఎముక ముక్కను పెకలించుకుని లేచింది. టూవీలర్ల మీంచి పడేవాళ్లలో ఈ దెబ్బ చూస్తూనే ఉంటామన్నాడు. ముక్కను తిరిగి దాని చోట కూర్చోబెడితే ఎముకకు ఎముక అతుక్కుంటుంది, కొత్త లిగమెంటు వేసే పని ఉండదు. మూడు వారాలు దాటేకొద్దీ ముక్క చుట్టూ గట్టిపడి పని కష్టమవుతుంది. మొదటాయన మాట నమ్మి నేనింకా ఇంట్లోనే పడుకుని ఉంటే?

మోకాలి వెనక కోసి స్క్రూ వేసే పద్ధతి కూడా ఉంది. ఈయన చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేస్తానన్నాడు. కాలి ఎముకకు ముందు నుంచి సన్నని సొరంగాలు వేసి, గట్టి దారాలతో ముక్కను కిందికి లాగి, ముందు వైపు ఒక బటన్ మీద ముడి వేస్తారు. సంతకం చేసేటప్పుడు ఇంకో మాట అన్నాడు: "ముక్క వెనకాలే కాలికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం ఉంటుంది. జాగ్రత్తగానే చేస్తాం."

సీటీ, ఎమ్మారై, రక్తపరీక్షలు, నడుములో మత్తు సూది, అన్నీ అందరికీ జరిగేవే. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు.

అసలు భయం ఆ రాత్రి పట్టుకుంది. మత్తు దిగిందో లేదో తెలియని వేళ పిక్క బిగుసుకుపోయింది. నొప్పి కోసిన చోట కాదు, కింద. వేళ్లు తిమ్మిరి. ఆ పెద్ద నాళం మాట ఒక్కటే చెవుల్లో తిరుగుతోంది. బెల్లు కొడితే వచ్చిన వార్డుబాయ్, "ఆపరేషనయ్యాక నొప్పుండదామ్మా?" అని వెళ్లిపోయాడు. మళ్లీ కొట్టాను. పొద్దున్నే ఈ కాలు ఉంటుందా, నా పిల్ల జడ ఎవరేస్తారు అని ఏవేవో ఆలోచనలు. జడకు కాలెందుకని అప్పుడు తట్టలేదు.

మూడోసారి నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చింది. చిన్నపిల్ల, పాతికేళ్లుండవు. ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా పాదం పైన రెండు వేళ్లు ఆనించింది, గోరు నొక్కి రంగు చూసింది, బొటనవేలు కదపమంది. డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన వచ్చేదాకా అక్కడే నిలబడింది. బ్యాండేజీ పొడవునా కత్తిరించి, మోకాలు కదలకుండా తొడిగిన బ్రేస్ వదులు చేశారు. ఆపరేషన్లో మోకాల్లోకి ఎక్కించిన సెలైన్ కొంత పిక్కలోకి దిగిందట, పైన కట్టు బిగుసుకుందట. రక్తం బాగానే పారుతోంది. "అక్కా, కొట్టుకుంటోంది, భయపడొద్దు" అంటూ నాడి దొరికిన చోట పెన్నుతో గుర్తు పెట్టింది, మా ఆయన వేలు పట్టుకుని దాని మీద ఉంచింది. ఆమె రాత్రంతా వచ్చి చూస్తూనే ఉంది. మా ఆయన తెల్లారేదాకా ఆ గుర్తు మీంచి వేలు తీయలేదు. ఆ నవ్వు బాకీ అక్కడికి తీరింది, చాలావరకు.

తర్వాతి నెలలు ఫిజియోథెరపీ చేతుల్లో గడిచాయి. కాలు వెనక్కి జారకుండా పిక్క కింద దిండు పెట్టుకోవాలి, మోకాలు మడపడం బోర్లా పడుకునే చేయాలి. తొంభై డిగ్రీలు మడిచిన రోజు బావురుమని ఏడ్చాను. చూడ్డానికి వచ్చినవాళ్లలో సగం మంది "ఇంక స్కూటీ మానేయ్" అన్నారు. రోడ్డు మీద కుక్కల సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మోకాలు వాచి, కాలు మోపలేకపోతే ఎక్స్‌రే పక్కనుంచి తీసింది కూడా చూడమని నోరు తెరిచి అడగండి. ఆ ఫిల్ములు పారేయకండి. జారుతోందన్న మాటను ఎవరు నవ్వి కొట్టేసినా ఇంకో డాక్టరు దగ్గరికి పోండి.

ఇంకా మిగిలింది అమ్మ మొక్కు. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చుని, నేను అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లూ ఎక్కుతానని, మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్లతోనే ఎక్కుతానని నా తరఫున స్వామికి మాటిచ్చేసింది. డాక్టరును అడిగితే నడిచి ఎక్కొచ్చు గానీ మోకాళ్ల మీద మాత్రం వద్దన్నాడు, బరువంతా సరిగ్గా ఆ దెబ్బ తగిలిన చోటే పడుతుందట. "స్వామికి డాక్టరు చెప్తాడా?" అని అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి మోకాళ్ల పర్వతం మెట్లు నా బదులు మా బావ మోకాళ్లతో ఎక్కుతానని ఒప్పుకున్నాడు. బ్రహ్మోత్సవాల రద్దీ తగ్గాక వెళ్తాం. దిగేటప్పుడు మాత్రం బస్సే.