దారపు ఉండల సంచి

గోదావరికి ఎర్రనీరు వచ్చేసింది. ఇంకో నాలుగు రోజులు ఇలాగే పెరిగితే సఖినేటిపల్లి రేవులో పంటు ఆపేస్తారు. అందుకే వచ్చే వారం కలవాల్సిన వాళ్లను కూడా ఈ రోజే కలిసి రావాలని పొద్దున ఆరున్నరకే బయలుదేరాను. పంటు నిండా మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు. దిగితే నరసాపురం.

ఆడవాళ్లకు హెచ్‌ఐవీ సోకకుండా చూసే మార్గాలపై మేం చేస్తున్న అధ్యయనంలో పేరు రాయించుకున్న వాళ్లలో లేసు అల్లేవాళ్లే ఎక్కువ. ఈ రోజు ఒకామె అరుగు మీద కూర్చుని, అల్లుతూనే జవాబులు చెప్పింది. ఏళ్ల తరబడి దారం ఒరుసుకుని చూపుడు వేలు మీద సన్నటి గాడి పడింది. భర్త లారీ డ్రైవరు, పది రోజులకోసారి ఇంటికి వస్తాడు. రెండో కాన్పు తర్వాత మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు వాడేదట. ఎక్కడ పెట్టుకునేవారమ్మా అని అడిగాను. ఆ ప్రశ్న నా కాగితాల్లో లేదు, ఎందుకో నోటికి వచ్చింది.

"దారపు ఉండల సంచిలోనండీ. అందులో ఎవరూ చెయ్యి పెట్టరు కదా అనుకున్నాను. ఒక రోజు మా అత్తగారు తెల్లదారం కోసం సంచి బోర్లించారు."

ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో చెప్పలేదు. నేనూ అడగలేదు. కొన్నాళ్లకు ఆశా కార్యకర్త చెబితే అంతర ఇంజెక్షన్‌కు మారింది. మూడు నెలలకోసారి సూది, ఇంట్లో దాచాల్సిన పని లేదు. అది గర్భాన్నే ఆపుతుంది, హెచ్‌ఐవీని ఆపదు అని చెప్పాను. అప్పుడు అల్లిక ఆపి తల ఎత్తింది.

"ఆయన్ని అనుమానించి అడగడం లేదండీ డాక్టరు గారూ. ఆ జబ్బు రాకుండా కూడా ఇలాంటి సూది ఉంటే బాగుండును కదా?"

ఉందమ్మా అన్నాను. లెనకపవిర్ గురించి చెప్పాను. ఆరు నెలలకోసారి చర్మం కింద వేస్తారు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 2,134 మంది అమ్మాయిలకు, యువతులకు వేస్తే ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. 2024లో ఆ ఫలితం చదివిన రోజు నాకు కళ్లనీళ్లు ఆగలేదు. దాన్ని తయారు చేసే అనుమతి మన హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటిరోలకు కూడా దక్కింది. "మా ఊరికి ఎప్పుడొస్తుందండీ?" అంది. తేదీ చెప్పలేకపోయాను.

నేను ఈ పనిలోకి వచ్చింది 2002లో, ఒక కాన్పుల గదిలోంచి. పెళ్లయి పదకొండు నెలలైన అమ్మాయి, తొలిచూలు, హెచ్‌ఐవీ ఉంది. నొప్పుల్లో నెవిరపిన్ మాత్ర వేశాం, పుట్టాక బిడ్డ నోట్లో అదే మందు చుక్కలు వేశాం. ఆ రెండింటితో బిడ్డకు సోకే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని 1999లోనే ఉగాండా అధ్యయనం తేల్చింది. "మరి నాకండీ?" అని అడిగింది ఆ తల్లి. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో గానీ మొదలు కాలేదు. ఆ రోజు ఆమెకివ్వడానికి మా దగ్గర ఏమీ లేదు. అంతకుముందు పదకొండు నెలలూ ఆమె చేతిలోనూ ఏమీ లేదు. నిరోధ్ వాడాలా వద్దా అన్నది భర్త ఇష్టం.

ఆమె అడిగిన మాటే నన్ను వైద్యం నుంచి పరిశోధనకు లాక్కొచ్చింది. అయినా పరిశోధకులం కూడా ఆడవాళ్ల మాట సరిగ్గా వినలేదని ఒప్పుకోవాలి. ఆఫ్రికాలో 5,029 మంది మహిళలతో జరిగిన వాయిస్ అనే హెచ్‌ఐవీ నివారణ పరీక్షలో, తమకిచ్చిన మాత్రలు, జెల్ వాడుతున్నామని దాదాపు అందరూ చెప్పారు. రక్తం పరీక్షిస్తే మూడింట ఒక వంతు నమూనాల్లో కూడా మందు కనిపించలేదు. వాళ్లు అబద్ధం చెప్పారని అప్పట్లో కొందరు అన్నారు. నాకు ఆ మాట మింగుడు పడలేదు. డబ్బా ఎవరి కంటైనా పడితే జబ్బుందని అనుకుంటారేమోనన్న భయం తమను వెనక్కి లాగిందని తర్వాత ఆ మహిళలే చెప్పారు.

తిరుగు పంటులో రెయిలింగుకు ఆనుకుని ప్రశ్నల కాగితం తీశాను. మొదటి ప్రశ్న: "మాత్ర రోజూ వేసుకుంటున్నారా?" దాన్ని కొట్టేసి పైన రాశాను: "మాత్రలు ఎక్కడ దాచుకుంటారు?" మారిన ప్రశ్నకు ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. ఉత్తరం రేపు పొద్దున్నే పంపాలి.