మా అమ్మ కాలుకు స్టాకింగ్ కొలతలు ఇచ్చిన కథ – నా అనుభవం

ఆల్టరేషన్‌కు పోయిన స్టాకింగ్ (బోదకాలు వాపును పట్టి ఉంచే బిగుతు మేజోడు) నిన్న వాపసొచ్చింది, అమ్మకు మంచిగ కూసుంది. మతికున్నప్పుడే రాస్తున్న, ఎందుకంటే మా దిక్కు బోదకాలు లేని ఊరు లేదు, ఈ కొలతల గురించి సక్కగ చెప్పేటోళ్ళు మాత్రం ఒక్కరు దొరకరు.

అమ్మకు ఎడమ కాలు. పరకాల దగ్గర మా ఊరు, నాట్లు, కలుపు అనుకుంట బురదల నిలబడే పనే అంత. గజ్జల్ల బిళ్ళ కట్టుడు, చలిజరం వచ్చుడు, జరం తగ్గినంక కాలు ఇంకింత లావయ్యుడు, ఇట్లనే ఏండ్లు గడిచినయి. ఊర్ల డీఈసీ, ఆల్బెండజోల్ గోలీలు పంచితే అవి మింగాలె, కాదనను. కానీ గోలీలు బోదకాలు తెచ్చే పురుగు మీద పనిచేస్తయి గానీ పాడైపోయిన, కాలుల నీరు పైకి పోయే నాళాలను మళ్ల బాగుచేయవు. వాపును కిందికి దించి, దించినదాన్ని పట్టి ఉంచాలంటే రోజూ కాలు కడుగుడు, కట్టు, దాని తర్వాత కొలతలిచ్చి చేయించిన స్టాకింగ్.

డాక్టర్ దగ్గర పెద్ద కష్టం కాలె. రాత్రిపూట రక్తం తీసి చూసిండ్రు (ఆ పురుగు పిల్లలు రాత్రే రక్తంల తిరుగుతయట), డాప్లర్ (కాలు రక్తనాళాల స్కానింగ్) చేయించినం. డాప్లర్ మాత్రం ఎవ్వరూ ఇడిసిపెట్టకుండ్రి. కాలుకు పోయే మంచి రక్తనాళం మూసుకపోయి ఉంటే ఈ ప్రెషర్ బట్ట వేస్తే కాలుకే ముప్పు, షుగర్ ఉన్నోళ్ళయితే ఇంకింత జాగ్రత్త.

అసలు బాధ సర్జికల్ షాపుల. ఏ షాపో పేరు రాయను. డాక్టర్ చీటీల "కస్టమ్ స్టాకింగ్" అని ఉంటే టౌన్ల ఎవరో చెప్తే పోయినం. అమ్మ పొద్దుగాల పరకాల బస్సు ఎక్కి వచ్చింది, సీటు దొరకలే, హన్మకొండ బస్టాండు దాంక నిలబడే వచ్చింది, నాకు నా టైలరింగ్ షాపుల గిరాకి ఒడిసేసరికి సాయంత్రమైంది. అప్పటికి కాలు రాయి లెక్క బిగుసుకపోయింది. షాపు ముందట అద్దాల తలుపు, బయట రోడ్డు, లోపట మందులకు వచ్చినోళ్ళు నలుగురైదుగురు. షాపాయన కౌంటర్ కాడనే ప్లాస్టిక్ స్టూల్ వేసి "కాలు పైన పెట్టు పెద్దమ్మా" అన్నడు. లోపట రూమ్ లేదా అని అడిగిన. "రెండు నిమిషాల పని మేడం, రూమ్ ఎందుకు" అన్నడు.

టేపు రెండు వేళ్ళ కొసలతోని పట్టుకున్నడు, చెయ్యి తాకితే అంటుకుంటదన్నట్టు. అంటదు సారూ, దోమతోని వస్తది, మనిషిని ముట్టుకుంటే రాదు. మందులమ్మే మనిషికి ఇది నేను చెప్పాల్నా? పిక్క కాడికొచ్చేసరికి "అమ్మో, టేపే సాలుతలేదు" అని అందరికి వినపడేటట్టు అని, ఒక పురికొస తెచ్చి చుట్టి, దాన్ని కౌంటర్ మీద స్కేలుతో కొలిసిండు. తొడ కాడ చీర మీదికెళ్ళే చుట్టిండు. నిలబడ్డ ఒకాయన "పింఛన్ వస్తున్నదా అవ్వా" అని అడుగుతుంటే అమ్మ తల ఎత్తలే. వస్తది, అప్పట్ల ఆసరా కింద నెలకు 2016 రూపాయలు వచ్చేటియి, అయితే? పింఛన్ తీసుకునే మనిషి కాలును బజార్ల పెట్టి చూడొచ్చా?

చీలమండ, పిక్క, తొడ. మూడే నెంబర్లు రాసుకున్నడు. పొడుగు ఒక్కటే, అది గూడ మడిమె కాడికెళ్ళా నేల కాడికెళ్ళా అన్నది రాయలే. నేను అక్కడ్నే అన్న, అన్నా మూడు కొలతలతోని పెట్టీకోటు గూడ కుట్టరు, దీనికి ఎట్ల సరిపోతయి అని. "మాది కంపెనీ లెక్క మేడం, మీకు తెల్వదు" అన్నడు. నాది లేడీస్ టైలరింగ్ షాపు. కొలత చూసి మనిషిని చెప్పగల్గుత నేను. నా దగ్గర ఒకసారి కుట్టించుకున్నోళ్ళు ఆది జాకెట్ తేకుండనే మళ్ల వస్తరు. నాకు తెల్వదట!

అమ్మ ఏడెనిమిది నెలల పింఛనంత డబ్బు, సగం అడ్వాన్సు. వచ్చినంక తొడిగితే చీలమండ కాడ వదులు, మోకాలి వెనుక ముడతలు పడి మడత కోస్కపోయింది, పైన అంచు తొడకు దారం కట్టినట్టు బిగుసుకున్నది. అద్దగంటల కాలివేళ్ళు నల్లబడి తిమ్మిరెక్కినయి, తీసేసినం. ఇటువంటి బట్టకు చీలమండ కాడ ప్రెషర్ ఎక్కువుండి పైకి పోయినకొద్ది తగ్గాలె, అప్పుడే నీరు పైకి నడుస్తది. ఇది ఉల్టా అయింది. వాపస్ తీసుకోమంటే "కస్టమ్‌ది వాపస్ ఉండదు, మీ అమ్మ కాలే మారింది" అన్నడు. కాలు మారుతదనే కదయ్యా ఎప్పుడు కొలవాల్నో తెలిసుండాలె! నా కొలత తప్పయితే జాకెట్ విప్పి నా బట్టతోని మళ్ల కుట్టిస్త, పైసా అడగ. బిల్లు మీద "కొలత తప్పయితే మళ్ల చేసిస్తం" అని రాయించుకోకుండ అడ్వాన్సు ఇయ్యకుండ్రి.

తర్వాత ఒక ఫిజియో మేడం దొరికింది, ఈ నీరు వాపుల పనే ప్రత్యేకం నేర్చుకున్న మనిషి. ఆమె మొదాలు టేపే తియ్యలే. కాలు మీద బొటనవేలుతో వత్తి గుంట పడుతున్నదా చూసింది, కాలివేలి మొదట్ల తోలు చిటికెతో పడ్తదా చూసింది. "ఇప్పుడు కొలిస్తే వాపుకు బట్ట కుట్టినట్టయితది, ముందు వాపు దించుదాం" అన్నది. కట్టు మొదలుపెట్టింది. లోపట కాటన్ గొట్టం బట్ట, దానిమీద దూది ప్యాడింగ్, ఆపైన తక్కువ సాగే బ్యాండేజీలు. మందుల షాపుల దొరికే మామూలు క్రేప్ కాదు, అది రబ్బరు లెక్క సాగుతది, నడిస్తే పిక్కకు ఆనిక దొరకదు. ఇంట్ల పొద్దూమాపు సబ్బునీళ్ళతోని కడిగి వేళ్ళ సందుల తడి లేకుండ తుడుచుడు, సందుల ఒరిసి పుండ్లు అయితే క్రీమ్. కట్టుతోనే నడువుమన్నది, పండుకున్నప్పుడు కాలు ఎత్తుల పెట్టుమన్నది. వారానికోసారి కొలిచి రాసేది. దిగుడు ఆగి, వరుసగ ఒక్కతీరు నెంబర్లు వచ్చినప్పుడే "ఇగ ఆర్డర్ కొలతలు తీద్దాం" అన్నది.

ఆ రోజు అమ్మను రాత్రే మా ఇంట్ల ఉంచుకున్న. పొద్దుగాల షాపులు తెరవకముందే పోయినం. కర్టెన్ వేసింది, అమ్మ ఒడిల దుప్పటి పెట్టింది, "అమ్మా కట్టు ఇప్పుత, చల్లగ అనిపిస్తది" అని చెప్పి ఇప్పింది. ఇప్పినంక ఆలస్యం చేయలే, కాలును కిందికి ఏలాడనియ్యలే. ఊదా రంగు పెన్సిల్‌తోని తోలు మీద గీతలు పెట్టుకుంట పోయింది: వేళ్ళ మొదలు, చీలమండ మీద సన్నటి చోటు, పిక్క మొదలయ్యే చోటు, పిక్కల లావు చోటు, మోకాలి కింద, మోకాలి చిప్ప నడుమ, నడి తొడ, గజ్జ. మడిమె నుంచి పాదం మీదికెళ్ళి చుట్టు కొలిచేటప్పుడు పాదం పైకి లేపి పట్టమన్నది. ఒక్కో గీత కాడ రెండు నెంబర్లు, టేపు తోలుకు ఆనీ ఆననట్టు ఒకటి, జరంత లాగి ఒకటి. ప్రతి గీత నేల కాడికెళ్ళి ఎంత ఎత్తో కాలి లోపటి పక్కకెళ్ళి కొలిచింది. కాగితం మీద పాదం పెట్టించి చుట్టూ గీసుకున్నది. రెండో కాలు గూడ కొలిచింది. అనుమానమొచ్చిన కాడ మళ్ల కొలిచింది. టేపు పట్టుడు చూస్తుంటే నాకు కడుపు నిండినట్టయింది, పని తెలిసిన చెయ్యి ఎక్కడున్నా తెలుస్తది.

కొలతలకంటె ఎక్కువ ప్రశ్నలు అడిగింది. పొలంకు పోతవా, కింద కూసుంటవా, పీట మీదనా, తొడిగేటందుకు ఇంట్ల ఎవరుంటరు, వంగగల్గుతవా, మట్టెలు పెట్టుకుంటవా అని. మట్టె గుచ్చుకుంటే బట్ట చిరుగుతదట. ఆ కాలుకు మట్టె ఎక్కక ఎన్నేండ్లయిందో అమ్మ ఆమెతోనే చెప్పింది, నాతోని గూడ ఎన్నడు చెప్పలే.

బట్ట ఫ్లాట్ నిట్ (సాపుగ అల్లి కుట్టేది) తీసుకొమ్మన్నది. వెనుక కుట్టు ఉంటది, మందంగ ఉంటది, చూడ మంచిగుండదు, కానీ మడతల్లకు దిగి కోయదు. కుట్టు లేని గుండ్రటి అల్లికది తక్కువ వాపుకు సరిపోతదట. క్లాస్ మూడు (బట్ట ఎంత ప్రెషర్ ఇస్తదో చెప్పే గ్రేడు) రాసింది. ఇక్కడొక మెలిక ఉన్నది. జర్మనోళ్ళ లెక్కల క్లాస్ మూడంటే 34 నుంచి 46 మిల్లీమీటర్ల (బీపీ లెక్కనే పాదరసం కొలత) ప్రెషర్, బ్రిటిషోళ్ళ లెక్కల క్లాస్ మూడంటే 25 నుంచి 35. అందుకే షాపుల క్లాస్ చెప్పకుండ్రి, నెంబర్ చెప్పుండ్రి, డబ్బా మీద గూడ నెంబరే చూడుండ్రి.

మొదటిసారి వచ్చింది చీలమండ కాడ జర వదులనిపిస్తే ఆమెనే ఫోటోలు తీసి, కొలతలు మళ్ల రాసి పంపింది, మమ్మల్ని కంపెనీతోని కొట్లాడనియ్యలే. ఆల్టరేషన్‌కు పైసలు గూడ పడలే.

ఇప్పుడు అమ్మ మంచం దిగకముందే తొడుగుతున్నం. రబ్బరు గ్లౌజులు వేసుకుంటే బట్ట జారదు, గోర్లు గుచ్చుకోవు, ముడత సాపు చేసుడు సులువు. తొడిగినంక పైన మిగిలిందని మడత పెట్టకుండ్రి, అక్కడ ప్రెషర్ డబలయితది. రాత్రి తీసేస్తం. మెత్తటి సబ్బుతోని చేత్తో ఉతికి, పిండకుండ తువ్వాలల చుట్టి వత్తి, నీడకు ఆరేస్తం, కంఫర్ట్ అసొంటివి వేస్తే సాగే గుణం పోతదట. కాలు ఎర్రబడి కాలుతుంటే, చలిజరం వస్తే ఆరోజు తొడగకుండ డాక్టర్ దగ్గరికి పోవాలె. ఆరు నెలలకు బట్ట సడలుతది, మళ్ల కొలతలు, మళ్ల ఖర్చు. ఒకటి ఉతికితే ఒకటి ఉండాలె గనుక రెండో దానికి గూడ ఆర్డర్ ఇచ్చినం. మా ఊర్ల ఇంకో ఇద్దరు అవ్వలు వస్తమన్నరు, వాళ్ళకు గూడ ముందు కట్టు, తర్వాతనే టేపు అని చెప్పి పెట్టిన.